బిడ్డ పరదేశంలో, కాగితాలు మన బీరువాలో

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల. ఈ మూడు ఊళ్లలో పరదేశంతో పొత్తు లేని వీధి వెతికినా దొరకదు. కువైట్‌లో బండి నడిపేవాళ్లు, ఇళ్లల్లో పనికి కుదిరినవాళ్లు, దుకాణాలు పెట్టుకున్నవాళ్లు కొందరు. ఇంజనీరింగు చదివి అమెరికా చేరినవాళ్లు మరికొందరు. నేను కువైట్‌లో ఒక రవాణా కంపెనీ ఆఫీసులో గుమాస్తాగా పనిచేసి వచ్చినవాణ్ణి. అకామాలు (నివాస అనుమతులు), బతాకాలు (గుర్తింపు కార్డులు), పాస్‌పోర్టు ఫారాలు రాసీ రాసీ నా చేతిరాతే మారిపోయింది. ఇప్పుడు ప్రొద్దుటూరులో ఇంటి అరుగు మీద కూర్చున్నా ఆ పని నన్ను వదల్లేదు. "పెద్దాయనా, మనవరాలు కువైట్‌లో పుట్టింది. పాస్‌పోర్టు బిరీన రావాల్నంటే ఏం జేయాల?" అని ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు.

అందరికీ చెప్పేది ఒకటే. ఆఫీసువాళ్ల చేతిలో ఉన్న తొందర కొంచెమే. మిగతాదంతా బిడ్డ కడుపులో ఉండగానే మన ఇంటి బీరువాలో తేలిపోతుంది. కాగితాలన్నీ ఒకే మాట చెప్తే పని సాఫీగా సాగిపోతుంది. ఒక్కటి అడ్డం తిరిగినా తత్కాల్ కూడా కాపాడదు. చూసి నేర్చుకున్నవి వరసగా రాస్తున్నాను.

1. ముందు పౌరసత్వం, ఆ వెనక పాస్‌పోర్టు

"అమ్మానాయనా ఇద్దరూ ఇండియావాళ్లే గదా, బిడ్డ ఇంకెవరవుతుంది?" అని అడుగుతారు. అడగడంలో న్యాయం ఉంది, కానీ చట్టం అంత సులువుగా ఒప్పుకోదు. 1955 నాటి పౌరసత్వ చట్టం నాలుగో సెక్షను బిడ్డ పుట్టిన తేదీని బట్టి జవాబు చెప్తుంది. 1950 జనవరి 26 నుంచి 1992 డిసెంబరు 10కి ముందు దాకా పరదేశంలో పుట్టినవాళ్లకు తండ్రి భారతీయుడైతేనే పౌరసత్వం. తల్లి పౌరసత్వాన్ని లెక్కలోకి తీసుకునేవాళ్లు కాదు. 1992 డిసెంబరు 10 నుంచి ఇద్దరిలో ఎవరు భారతీయులైనా చాలన్నారు. 2004 డిసెంబరు 3 నుంచి ఇంకో షరతు చేరింది. పుట్టిన ఏడాదిలోగా అక్కడి భారత రాయబార కార్యాలయంలో గానీ కాన్సులేట్‌లో గానీ బిడ్డ జననం నమోదు కావాలి. బిడ్డకు వేరే దేశం పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు రాసివ్వాలి.

ఈ నమోదుకు పౌరసత్వ నిబంధనల్లో ఒకటో నంబరు ఫారం ఉంది. పాస్‌పోర్టు దరఖాస్తు వేరు, ఇది వేరు. రెండూ ఒకే కౌంటరు దగ్గర ఇస్తుంటారు కాబట్టి చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. నమోదు పూర్తయితేనే పుస్తకం ముద్రణకు పోతుంది.

కువైట్, సౌదీ, ఖతార్, ఎమిరేట్స్‌లలో మనవాళ్ల బిడ్డ అక్కడ పుట్టినంత మాత్రాన అక్కడి పౌరసత్వం రాదు. మన నమోదు కూడా చేయించకపోతే ఆ పసిబిడ్డ ఏ దేశానికీ చెందకుండా మిగిలిపోతుంది. అందుకే దీన్ని మొదటి పాఠంగా పెట్టాను.

2. ఏడాది గడువును ఏడాదిగా చూడొద్దు

ఏడాది టైముంది గదా, సంక్రాంతికి ఊరికి పోయేముందు చూసుకుందాం అనుకుంటారు. గడువు దాటితే నమోదుకు కేంద్ర ప్రభుత్వం అనుమతి కావాలి. అంటే ఫైలు ఢిల్లీ దాకా పోయి రావాలి. ఇన్నాళ్లు ఎందుకు ఆగారని అడుగుతారు. దానికి నమ్మదగిన సంజాయిషీ రాసుకోవాలి.

గల్ఫ్‌లో దీనికంటే ముందు తరుముకొచ్చే గడువు ఇంకోటుంది. బిడ్డకు అకామా కొట్టాలంటే పాస్‌పోర్టు ఉండాలి. అకామా లేకుంటే బతాకా రాదు. బతాకా లేకుంటే ఆస్పత్రిలోనూ, తర్వాత బళ్లోనూ తిప్పలే. అకామా గడువు దాటితే రోజుల లెక్కన దీనార్లలో జరిమానా పడుతుంది. పసిబిడ్డ అని వదిలిపెట్టరు. కాబట్టి తల్లి లేచి తిరగగలిగిన వారంలోనే పని మొదలుపెట్టమని చెప్తాను. ఇంట్లో బాలింత పనులు ఒకరు చూసుకుంటే, కాగితాల పని ఇంకొకరు తలకెత్తుకోవాలి.

3. పెళ్లి కాగితం లేని పెళ్లి పరదేశంలో పెళ్లి కాదు

మన జిల్లాలో పెళ్లికి పందిరి, భోజనాలు, వీడియో అన్నీ ఉంటాయి. రిజిస్ట్రేషను ఒక్కటే ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లిళ్ల నమోదు తప్పనిసరి అని 2002లోనే చట్టం వచ్చింది. అయినా వీసా అవసరం వచ్చేదాకా ఆ ఊసు ఎవరికీ గుర్తుకు రాదు. కువైట్‌లో కాన్పుకు పోయినా, బిడ్డ జనన పత్రానికి పోయినా మొదట అడిగేది పెళ్లి కాగితమే.

హిందువులకు సబ్ రిజిస్ట్రారు ఆఫీసు సర్టిఫికెట్, ముసల్మానులకు ఖాజీ ఇచ్చే నికానామా, దాని మీద రావలసిన సర్టిఫికెట్, జమ్మలమడుగు వైపు చర్చిలో పెళ్లయినవాళ్లకు చర్చి రిజిస్టరు ప్రకారం ఇచ్చేది. ఏదైనా సరే, ఒరిజినల్ చేతిలో ఉంటే చాలదు. దాన్ని రాష్ట్ర ప్రభుత్వం ధ్రువీకరించాలి, ఆ మీదట ఢిల్లీలో విదేశాంగ శాఖ, ఆ పైన కువైట్ ఎంబసీ. అపోస్టిల్ అనే ఒక్క ముద్రతో చాలా దేశాల్లో పని జరుగుతుంది. మన దేశం ఆ ముద్రను ఒప్పుకునే దేశాల ఒప్పందంలో 2005లో చేరింది. కువైట్ అందులో లేదు కాబట్టి అన్ని మెట్లూ ఎక్కాల్సిందే. ఈ పనంతా ఇక్కడున్నప్పుడు చేసుకుంటే తీరికగా అయిపోతుంది. అక్కడికి పోయినాక ఒరిజినల్‌ను కొరియర్‌లో ఇంటికి పంపి, తిరిగి తెప్పించుకునేలోపు నెలలు గడిచిపోతాయి. కోడలికి వీసా పెట్టకముందే ఈ పని ముగించండి.

4. మూడు కాగితాల్లో మూడు పేర్లుంటే ముగ్గురు మనుషులు

నేను చూసిన ఆలస్యాల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుట్టాయి. అందుకే కొంచెం వివరంగా చెప్తాను.

బళ్లో చేర్పించేటప్పుడు ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించి పేరు ముందు తగిలిస్తాం. పాస్‌పోర్టు ఫారంలో అసలు పేరు ఒక గడి, ఇంటిపేరు ఒక గడి. ఏజెంటు తోచినట్టు నింపుతాడు. ఒకరికి ఇంటిపేరు గడి ఖాళీగా మిగులుతుంది. ఇంకొకరికి నాన్న పేరు అందులోకి పోతుంది. వేరొకరికి "రెడ్డి" ఒక్కటే ఇంటిపేరై కూర్చుంటుంది. ఖాళీగా వదిలితే ఏం పోతుందిలే అనుకోవద్దు. ఎమిరేట్స్‌వాళ్లు 2022 నవంబరు 21 నుంచి ఒంటి పేరుతో ఉన్న పాస్‌పోర్టుల మీద సందర్శక వీసాలు ఆపేశారు.

మా ప్రొద్దుటూరులో షేక్ అనే పేరున్న ఇళ్లెన్నో. ఆ రెండక్షరాలను ఇంగ్లీషులో నాలుగైదు రకాలుగా రాస్తారు. తండ్రి పాస్‌పోర్టులో ఒక రకం, నికానామాలో ఇంకో రకం, బతాకాలో మూడో రకం. ఇంట్లో అందరికీ అతనొక్కడే. కౌంటరు దగ్గర మాత్రం ముగ్గురు. "ఒక్క అక్షరమే గదన్నా" అని ఒక పిల్లోడు నాతో వాదించాడు. ఆ ఒక్క అక్షరం కోసమే అతని ఫైలును వెనక్కి పంపారు.

ఇక తల్లి సంగతి. పెళ్లికి ముందు తీసుకున్న పాస్‌పోర్టులో పుట్టింటి పేరుంటుంది, భర్త పేరు గడి ఖాళీ. పెళ్లయినాక ఆధార్‌లో మెట్టినింటి పేరు ఎక్కిస్తారు. పాస్‌పోర్టు జోలికి మాత్రం పోరు. బిడ్డ ఫారంలో తల్లి పేరు ఏది రాయాలి? ఆమె పాస్‌పోర్టులో ఉన్నదే రాయాలి. ఇంటిపేరు మార్చుకోవాలని చట్టంలో ఎక్కడా లేదు. పుట్టింటి పేరుతోనే జీవితమంతా ఉండొచ్చు. మార్చుకుంటే మాత్రం అన్నిచోట్లా మార్చుకోవాలి, లేకుంటే ఎక్కడా మార్చొద్దు. భర్త పేరు, భార్య పేరు ఒకరి పాస్‌పోర్టులో ఒకరిది ఎక్కించుకునే పని గర్భం నిలిచిందని తెలిసిన నెలలోనే పూర్తిచేసుకోండి.

5. బిడ్డ పేరు కాన్పుకు ముందే తేల్చుకోండి

మన ఆచారం ప్రకారం నక్షత్రం చూసి, అక్షరం తీసి, తొట్లెలో వేసే రోజున పేరు పెడతాం. ముసల్మానుల ఇళ్లలో ఏడో రోజు అఖీఖా. ఆస్పత్రివాళ్లు ముహూర్తం కోసం ఆగరు. పేరు లేకుండా కాగితం పుట్టించి తర్వాత దిద్దుకుందాం అనుకుంటే, ఆ దిద్దుబాటే పెద్ద పనై కూర్చుంటుంది.

ఆడపిల్లకొకటి, మగపిల్లవాడికొకటి, రెండు పేర్లు ముందే రాసిపెట్టుకోండి. ఇంగ్లీషులో ప్రతి అక్షరం విడివిడిగా, అరబీలో ఎలా పలుకుతుందో కూడా. అయ్యవారు చెప్పిన అక్షరంతో తొట్లె పేరు వేరే పెట్టుకుని ఇంట్లో పిలుచుకోవచ్చు, ఎవరికీ అభ్యంతరం లేదు. తాత పేరు, జేజి పేరు, దేవుడి పేరు, సినిమా పేరు అన్నీ కలిపి నాలుగు ముక్కల పేరు మాత్రం పెట్టొద్దు. ఫారంలో గడులు చాలవు. రేపు ఆ బిడ్డ పరీక్ష రాసేటప్పుడు ఆ అవస్థ మళ్లీ మొదటికొస్తుంది.

6. ఆస్పత్రి గడప దాటకముందే జనన పత్రం చదివించుకోండి

అరబీలో "ప" లేదు, "చ" లేదు. ప్రసాద్ అక్కడ బ్రసాద్ అవుతాడు. చెన్నయ్యలోని మొదటి అక్షరాన్ని రాసే మనిషి తోచినట్టు మలుచుకుంటాడు. అరబీ నుంచి మళ్లీ ఇంగ్లీషులోకి తర్జుమా చేసేవాడు పాస్‌పోర్టు చూడకుండా చెవికి వినబడింది రాస్తే, తండ్రి పేరు ఇంకో రూపంలో తేలుతుంది. తర్జుమా ఆఫీసుకు పోయేటప్పుడు ఇద్దరి పాస్‌పోర్టు నకళ్లు చేతిలో పెట్టుకుని, అక్షరం అక్షరం అందులో ఉన్నట్టే కొట్టించండి.

పేరు తర్వాత తేదీ చూడండి. అరబీ అంకెల్లో అయిదు మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది. సున్నా ఒట్టి చుక్క. రెండు, మూడు అంకెలు చేతిరాతలో కవల పిల్లల్లా ఉంటాయి. కొత్తవాడు అయిదో తారీఖును సున్నా అనుకుని, ఏదో పొరపాటు పడిందని కంగారు పడతాడు. నిజంగా పొరపాటు పడితే కనిపెట్టలేడు. అరబీ చదవగలిగిన మనిషిని ఒకరిని వెంటబెట్టుకుని పోండి. పుట్టిన తేదీ, ఆడా మగా, తల్లి పేరు, తండ్రి పేరు, ఇద్దరి జాతీయత, ఈ అయిదూ నోటితో చదివించుకుని అప్పుడు సంతకం పెట్టండి. తప్పు ఆ రోజే కనబడితే దిద్దించుకోవడం తేలిక. పత్రం ముద్రపడి బయటికొచ్చినాక అదే తప్పుకు దరఖాస్తు పెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగాలి.

ఇండియాలో కూడా పనికొచ్చేలా, ఆ పత్రం మీద కువైట్ విదేశాంగ శాఖ ముద్ర కూడా వేయించి పెట్టుకోండి. పదేళ్ల తర్వాత జమ్మలమడుగు బళ్లో చేర్పించాల్సి వస్తే వెనక్కి పరుగెత్తే పని ఉండదు.

7. దిష్టిచుక్క తీసి ఫోటో తీయించండి

చిన్న పనే, కానీ ఎంతో మంది ఇక్కడ ఆగిపోయారు. పసిబిడ్డ ఫోటోకు తెల్లటి వెనకతెర కావాలి, మొహం నిండుగా కనబడాలి, కళ్లు తెరుచుకుని ఉండాలి, నీడ పడకూడదు. మన ఇళ్లల్లో బుగ్గమీద దిష్టిచుక్క, కళ్లకు కాటుక, తలకు టోపీ లేకుండా బిడ్డను బయటికి తేరు. ఆ చుక్కతో తీసిన ఫోటోను కౌంటరు దగ్గర తిరగ్గొడితే జేజికి కోపం వస్తుంది. బిడ్డకు దిష్టి తగిలితే వాళ్లొచ్చి తీస్తారా అంటుంది. ఫోటో తీసిన మరుక్షణం చుక్క మళ్లీ పెట్టుకోమ్మా అని సర్దిచెప్పాలి.

తెల్ల దుప్పటి పరిచి, బిడ్డను పడుకోబెట్టి, పాలు తాగి కులాసాగా ఉన్నప్పుడు పైనుంచి తీయించండి. పట్టుకున్నవాళ్ల చేతులు, పాలసీసా, గిలక్కాయ ఫోటోలో పడకూడదు. సంతకం గడిలో వేలిముద్ర వేయాలి. మగబిడ్డకు ఎడమ బొటనవేలు, ఆడబిడ్డకు కుడి బొటనవేలు. నూనె రాసిన చేతికి సిరా అంటదు, తడిగుడ్డతో తుడిచి ఆరనిచ్చి వేయించండి. ముద్ర గడి దాటకూడదు.

8. కాన్పుకు ఇంటికి రావడమూ ఒక దారే

డ్రైవరు జీతంతో కువైట్‌లో కాపురం పెట్టడం అందరికీ కుదరదు. 2024 జనవరిలో కుటుంబ వీసాలు మళ్లీ తెరిచినప్పుడు జీతం 800 దీనార్లు ఉండాలన్నారు. అందుకే మన ఆడబిడ్డలు చాలామంది పుట్టింట్లోనే పురుడు పోసుకుంటారు. బిడ్డ ఇక్కడ పుడితే నాలుగో సెక్షను గొడవే ఉండదు. దాని బదులు ఇక్కడి జనన మరణాల నమోదు చట్టం ఉంది. 21 రోజుల్లో ఊరికే నమోదు చేస్తారు. అది దాటితే, పుట్టిన 30 రోజుల దాకా ఆలస్య రుసుముతో చేస్తారు. ఏడాది దాటితే మెజిస్ట్రేటు ఉత్తర్వు దాకా పోతుంది. 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు పాస్‌పోర్టు కోసం పుట్టినతేదీ రుజువుగా జనన ధ్రువపత్రం ఒక్కటే చెల్లుతుందని 2025లో పాస్‌పోర్టు నిబంధనలు మార్చారు. ఆధార్ చూపిస్తాం అంటే కుదరదు.

పాస్‌పోర్టుకు కడప పోస్టాఫీసులోని సేవా కేంద్రం ఉంది, లేకుంటే తిరుపతి. మైనరుకు రుసుము 1,000 రూపాయలు. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు అందులో పదో వంతు తగ్గిస్తారు. అమ్మానాన్నల దగ్గర చెల్లుబాటయ్యే పాస్‌పోర్టులుంటే పసిబిడ్డకు పోలీసు విచారణ మామూలుగా ఉండదు. ఇద్దరూ సంతకం పెట్టాల్సిన "డి" అనుబంధం ఒకటుంది. తండ్రి కువైట్‌లో ఉంటే ఆయన సమ్మతి పత్రాన్ని అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించి పంపాలి. కాన్పు దగ్గర పడే నెలలోనే ఆ పని చేసి పంపిస్తే తల్లి వాకిట్లో కూర్చుని కొరియర్ కోసం ఎదురుచూడక్కర్లేదు.

9. తత్కాల్ మీద, ఏజెంటు మీద అతి నమ్మకం వద్దు

ఇండియాలో తత్కాల్‌కు అదనంగా 2,000 రూపాయలు. డబ్బు కట్టగానే అన్నీ మాఫీ అవుతాయని కొందరి భ్రమ. తత్కాల్ ఫైలును తొందరగా కదిలిస్తుంది, పేరులో తప్పును దిద్దదు, నమోదు కాని జననాన్ని నమోదు చేయదు. పరదేశంలో అయితే ముందు బిడ్డ పౌరసత్వం తేలాలి, ఆ తర్వాతే తొందర సంగతి.

ఏజెంట్లందరూ మోసగాళ్లని నేననను. ఫారం నింపడం చేతకానివాళ్లకు వాళ్లు కావాలి. కానీ ఒరిజినల్ కాగితాలు వాళ్ల దగ్గర వదిలి రావొద్దు. ఫారంలో వాళ్ల ఫోను నంబరు, వాళ్ల ఈ-మెయిలు రాయనివ్వొద్దు. ఫైలు ఎక్కడాగిందో తెలిపే సందేశం ఆ నంబరుకే పోతుంది. నెల తర్వాత అడిగితే "ప్రాసెసింగులో ఉందన్నా" అంటారు. అసలు సంగతేమో, ఒక కాగితం తక్కువైందని అధికారులు మొదటి వారంలోనే రాసి ఉంటారు. పని మరీ మొండికేస్తే విదేశాంగ శాఖ 2015లో మొదలుపెట్టిన మదద్ అనే ఫిర్యాదుల పోర్టల్ ఉంది. రాష్ట్ర ప్రభుత్వం తరఫున ఏపీఎన్ఆర్‌టీ సంస్థ ఉంది. రెండింటికీ రాయడానికి రూపాయి ఖర్చు లేదు.

10. ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇంటికి చేర్చేదాకే

అకామా లేనివాళ్లకు కువైట్ ప్రభుత్వం అప్పుడప్పుడూ క్షమాభిక్ష ఇస్తుంటుంది. 2018లో, 2020లో, 2024లో అలా ఇచ్చింది. అప్పుడు పాస్‌పోర్టు లేనివాళ్లకు మన రాయబార కార్యాలయం ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది. అది ఇండియాకు ఒకవైపు ప్రయాణానికి మాత్రమే చెల్లుతుంది. పసిబిడ్డకూ ఇస్తారు. విమానం ఎక్కిన సంతోషంలో తల్లి జనన నమోదు సంగతి మరిచిపోతుంది. నాలుగేళ్లకు బళ్లో చేర్పించేటప్పుడు బిడ్డకు ఏ కాగితమూ ఉండదు.

విమానం ఎక్కకముందే రెండు పనులు చేయండి. అక్కడి జనన పత్రం ముద్రలతో సహా తీసుకోండి. రాయబార కార్యాలయంలో జననం నమోదు చేయించి ఆ సర్టిఫికెట్ పట్టుకోండి. అక్కడ నమోదు కాకుండా ఇక్కడే స్థిరపడాలని వచ్చేసినవాళ్లకు, బిడ్డ దేశంలో అడుగుపెట్టిన 60 రోజుల్లోగా ఇక్కడ జననం నమోదు చేసుకునే వీలు జనన మరణాల చట్టం 20వ సెక్షనులో ఉంది. ఆ నమోదు పుట్టుకకు సాక్ష్యమే. నాలుగో సెక్షను కింద పౌరసత్వం కోసం జరగాల్సిన నమోదుకు అది బదులు కాదు.

11. ఒంటరి తల్లిని ఇంటివాళ్లే వెలివేయొద్దు

ఇది నలుగురిలో మాట్లాడని పాఠం. భర్త వదిలేసి కొందరు, పని ఇంటి నుంచి పారిపోయి కొందరు, మోసపోయి కొందరు బిడ్డతో మిగిలిపోతారు. ఊళ్లో పరువు పోతుందని పుట్టింటివాళ్లు ఫోను ఎత్తరు. ఆమె అకామా లేకుండా, బిడ్డ కాగితం లేకుండా చీకటి గదుల్లో దాక్కుంటుంది. పాస్‌పోర్టుకు తల్లిదండ్రుల్లో ఒక్కరి పేరు ఇచ్చినా చాలని 2016 డిసెంబరులో నిబంధనలు సడలించారు. పౌరసత్వ చట్టం కూడా ఇద్దరిలో ఒకరు భారతీయులైతే సరే అంటుంది. గల్ఫ్‌లో చట్టాలు కఠినమైనవి కాబట్టి తనకు తానుగా ఎక్కడికో పోకుండా ముందు మన రాయబార కార్యాలయాన్ని చేరాలి. "నువ్వు, బిడ్డ ఇంటికి రండి, మిగతాది మేం చూసుకుంటాం" అని ఇంటినుంచి ఒక్క ఫోను పోతే ఆమెకు ఆ గడప ఎక్కే ధైర్యం వస్తుంది.

12. అమెరికా లెక్క వేరు

పులివెందుల తాతలకు ఈ పాఠం. అమెరికా గడ్డ మీద పుట్టిన బిడ్డకు అక్కడి రాజ్యాంగం 14వ సవరణ ప్రకారం పౌరసత్వం ఇస్తూ వచ్చారు. అందుకే హెచ్-1బీ వీసా మీద ఉన్న మన పిల్లలు ఎక్కువమంది బిడ్డకు అమెరికా పాస్‌పోర్టే తీస్తారు. పదహారేళ్ల లోపు పిల్లల దరఖాస్తుకు అమ్మానాన్న ఇద్దరూ బిడ్డను వెంటబెట్టుకుని పోవాలి. ఒకరు రాలేకపోతే నోటరీ చేసిన సమ్మతి పంపాలి. ఆ పుస్తకం అయిదేళ్లు చెల్లుతుంది. రుసుము ఎక్కువ కడితే తొందరగా ఇచ్చే పద్ధతి అక్కడా ఉంది.

ఆ పాస్‌పోర్టు తీసుకున్న బిడ్డకు మన పాస్‌పోర్టు రాదు. రెండూ పెట్టుకోవడం మన చట్టం ఒప్పదు. తాతను చూడ్డానికి రావాలన్నా వీసా గానీ ఓసీఐ కార్డు గానీ కావాలి. ఓసీఐ చేతికి రావడానికి టైము పడుతుంది. మొదటి పుట్టినరోజు పులివెందులలో చేద్దామని మంటపం మాట్లాడేముందు అది వచ్చిందా లేదా అని కొడుకును అడగండి. అమెరికా పాస్‌పోర్టు తీయకుండా మన పాస్‌పోర్టే కావాలనుకుంటే నాలుగో సెక్షను నమోదు చేయించుకోవచ్చు. అప్పుడు ఆ బిడ్డ పెద్దయినాక ఒక దేశాన్ని ఎంచుకోవాలి. పద్దెనిమిది నిండిన ఆరు నెలల్లోగా రెండో పౌరసత్వం వదులుకోకుంటే భారత పౌరసత్వం పోతుంది.

13. రెండో జత కాగితాలు వేరే ఇంట్లో ఉండాలి

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. ఆగస్టు 13 నుంచి అక్టోబరు 11 దాకా మన ప్రభుత్వం విమానాలు పెట్టి, ఎక్కువగా జోర్డాన్‌లోని అమ్మాన్ నుంచి, సుమారు 1,70,000 మందిని ఇంటికి చేర్చింది. అలాంటి రోజుల్లో ఇంట్లోవి వదిలి పరుగెత్తాల్సి వస్తుంది. కాగితం ఒంటిమీద ఉన్నవాడి పని ఒక రకం, లేనివాడి పని ఇంకో రకం. అంత పెద్ద ఉపద్రవం రానక్కర్లేదు. పాస్‌పోర్టు కఫీల్ (పనికి పెట్టుకున్న యజమాని) దగ్గర ఇరుక్కుపోయినా, పర్సు పోయినా అదే అవస్థ.

బిడ్డ పాస్‌పోర్టు వచ్చిన రోజే నకళ్లు తీసి ఒక జత ఊళ్లో నమ్మకమైన చోట పెట్టండి. ఫోనులో ఫోటోలు తీసి ఇద్దరు ముగ్గురికి పంపండి. మైనరు పాస్‌పోర్టు అయిదేళ్లకే గడువు తీరుతుంది. ఆ తేదీని కేలెండరులో రాసుకోండి. రెండోసారి అడిగేది మొదటిసారి ఇచ్చిన కాగితాలనే.

చివరగా ఒక్క మాట. మీ ఇంట్లో పరదేశంలో ఉన్న కొడుకో కూతురో ఉంటే, అక్కడ కాపురం ఉంటే, ఇంకా బిడ్డ సంగతి లేకపోయినా సరే, ఈ ఆదివారం మూడు కాగితాల్లోని పేర్లు చూసే పని చేయండి: భర్త పాస్‌పోర్టు, భార్య పాస్‌పోర్టు, పెళ్లి సర్టిఫికెట్ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చదవండి. మూడూ ఒకే మాట చెప్తుంటే పుట్టబోయే బిడ్డ పనిలో సగం అయిపోయినట్టే. తేడా కనబడితే దిద్దించుకోవడానికి కనీసం తొమ్మిది నెలల టైముంది, వాయిదా వేయకుండా వాడుకోండి.